పసుపు తిరిగిన పెరడు: ఒక కేస్ స్టడీ

ఇంటి పెరళ్ళు, మేడ మీద తోటలు వేసిపెట్టడం నా వృత్తి. సంక్రాంతి దాటి చలి కాస్త తగ్గగానే ఫోన్లు మొదలవుతాయి. శివరాత్రిలోపు బీర, సొర, బెండ గింజలు పడాలని అందరికీ ఆత్రం. అలా ఫోన్ చేసేవాళ్ళలో సగం మంది అడిగేది ఒక్కటే: "మొక్కలు పసుపు తిరుగుతున్నాయి, ఏ ఎరువు వేయమంటారు?" ఆ ప్రశ్నలోనే ఒక తీర్పు ఉంది. మొక్కకు తిండి చాలడం లేదని ముందే అనేసుకుని, ఏ తిండి పెట్టాలో అడుగుతున్నారు. ఈ కేసులో కూడా అదే జరిగింది. ఎరువు పెరిగేకొద్దీ పసుపు పెరిగింది. ఇంటివాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను. వాళ్ళెవరో తెలిసే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు దాటాక వెలిసిన ఒక కొత్త కాలనీ. 300 గజాల్లో తూర్పు ముఖం ఇల్లు, కట్టి మూడేళ్ళు. వెనక పడమటి వైపు 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉన్న పెరడు. ఇంటి నీడ వల్ల పొద్దున పది దాకా ఎండ పడదు, ఆ తర్వాత సాయంత్రం దాకా దంచేస్తుంది. భార్యాభర్తలిద్దరూ రిటైరయిన టీచర్లు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగారు, ఉద్యోగాల వల్ల ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఆయన్ని మాస్టారు అనీ, ఆవిడని అమ్మ అనీ రాస్తాను.

నీళ్ళు రెండు రకాలు. వంటకీ తాగడానికీ రోజు విడిచి రోజు కుళాయికి వచ్చే మంజీరా నది నీళ్ళు. మిగతా అన్నిటికీ బోరు. తాగే నీటికి ఆర్‌ఓ మిషను ఉంది. అది వదిలేసే నీళ్ళు వృథా పోకూడదని ఒక పైపు పెట్టి పెరట్లోకి తిప్పారు. ఈ పైపు సంగతి మళ్ళీ వస్తుంది.

సమస్య

వాళ్ళు పిలిచింది మార్చి మొదటి వారంలో. అప్పటికి బెండ జానెడు ఎత్తుంది. మిరప నారు నాటి నెల దాటింది. గుండుమల్లె, రెండు మందారాలు, ఒక గులాబీ, ఒక నిమ్మ చెట్టు ఇల్లు కట్టిన ఏడాదే పెట్టినవి. ఇవన్నీ పసుపు. నిమ్మ కొమ్మల చివర్లయితే దాదాపు తెల్లబారి, ఆకుల అంచులు మాడుతున్నాయి.

"మా ఊళ్ళో గింజ విసిరేస్తే మొలిచేది బాబూ. ఇక్కడ బస్తాలు పోస్తున్నా ఎదగట్లేదు," అంది అమ్మ. ఆవిడ గొంతులో విసుగు కంటే దిగులే ఎక్కువ వినిపించింది. ఆ మల్లె మొక్క పుట్టింటి నుంచి తెచ్చుకున్న అంటు.

ముందు ఏమేం వేశారో చెప్పమన్నాను. మాస్టారు నోటుబుక్కులో రాసి పెట్టుకున్నారు కాబట్టి పని తేలికయింది. వర్మీ కంపోస్టు. వేపపిండి. రెండుసార్లు డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు). దంచిన కోడిగుడ్డు పెంకులు. ఊరి నుంచి తెప్పించిన కట్టెల బూడిద. ఎప్సం సాల్టు (మెగ్నీషియం సల్ఫేటు). ఆకులు పాలిపోతున్నాయి కదా అని నీళ్ళు రోజుకు రెండు పూటలు. ఎదురింటాయన వచ్చి చూసి, బెండకు వైరస్ వచ్చింది, పీకేయమన్నాడట. పీకాలా వద్దా అన్నది వాళ్ళ మొదటి టెన్షన్.

కారణం ఎలా తేల్చానంటే

ఇలాంటి చోట నేను మొదట చూసేది పసుపు ఏ ఆకుల్లో మొదలైందని. నత్రజని చాలకపోతే మొక్క ముదురాకుల్లోంచి తీసి చిగుళ్ళకు పంపుతుంది, కాబట్టి అడుగాకులు ముందు పండుతాయి. మెగ్నీషియం కూడా అంతే. ఇనుము అలా కదలదు. ఒకసారి ఆకులో చేరితే అక్కడే ఉండిపోతుంది. అందుకని ఇనుము అందకపోతే ముదురాకులు బాగానే ఉండి, కొత్తగా వచ్చే ఆకులు పసుపు తిరుగుతాయి. ఇక్కడ ప్రతి మొక్కకీ కింద ఆకుపచ్చ, పైన పసుపు. నత్రజని లోటు కాదని అక్కడే తేలిపోయింది. అంటే డీఏపీతో గానీ వర్మీ కంపోస్టుతో గానీ ఈ పసుపు పోదు.

రెండోది ఈనెలు. బెండలో ఎల్లో వీన్ మొజాయిక్ వస్తే ఈనెలు పసుపు పచ్చని వలలా కనపడతాయి, వాటి మధ్య ఆకు కొంతకాలం ఆకుపచ్చగానే ఉంటుంది. తెల్లదోమ మోసుకొచ్చే తెగులు అది, ఒకసారి వస్తే మందు లేదు, పీకేయడమే దారి. ఇక్కడ దానికి సరిగ్గా తిరగబడి ఉంది. ఒక లేతాకు తుంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూపించాను: సన్నని ఈనె దాకా ఆకుపచ్చ, ఈనెల మధ్య అంతా పసుపు. ఆకు వెనక తెల్లదోమ లేదు. "పీకొద్దు మాస్టారూ, ఇది రోగం కాదు," అన్నాను. పైగా వైరస్సయితే బెండతో పాటు నిమ్మకీ, మల్లెకీ, గులాబీకీ ఒకేసారి ఎందుకొస్తుంది? సంబంధం లేని ఇన్ని మొక్కలు ఒకే పోలికన బాధపడుతున్నాయంటే, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి నేలా నీళ్ళే.

మూడోది, బాగున్నవి ఏవి అని. ఇది చాలామంది చూడరు. అదే పెరట్లో ఒక మూల మునగ నవనవలాడుతోంది. ఉసిరి మొక్క ముదురు రంగులో ఉంది. రెండూ క్షారం ఉన్న నేలను తట్టుకునేవి. నిమ్మ, గులాబీ, మల్లె, మందారం తట్టుకోలేనివి. ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకున్నాక తవ్వకుండానే అనుమానం బలపడింది.

తవ్వితే గానీ మాట్లాడకూడదు కాబట్టి గడ్డపార అడిగాను. పైన నాలుగైదు వేళ్ళ మందాన ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు కలిసిన మెత్తటి పొర. దాని కింద గడ్డపార టంగుమంది. బూడిద రంగు పెళ్ళలు, ప్లాస్టరు ముక్కలు, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) తునకలు, టైల్సు ముక్కలు, ఇంకా కింద మొరం. ఇంకో రెండు చోట్ల తవ్వినా అదే. నైరుతి మూల అయితే పార కూడా దిగలేదు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు మాలు కలిపిన చోటు అదేనట. తట్టలు, పారలు కడిగిన సిమెంటు నీళ్ళన్నీ అక్కడే ఇంకి గట్టిపడ్డాయి. ఇల్లు అప్పగించే ముందు పైన ఒక ట్రాక్టరు ఎర్రమట్టి పోసి చదును చేశారు. చూడ్డానికి అది తోట నేల, లోపల అంతా సున్నం.

వంటింట్లోంచి వెనిగర్ తెమ్మని ఒక పెళ్ళ మీద చుక్కలు వేశాను. బుసబుసమని నురగ వచ్చింది. సున్నం ఉన్న మట్టికి అది గుర్తు. ల్యాబుకు పంపిన నమూనాలో మట్టి పీహెచ్ 8.6 (7 దాటితే క్షారం), సున్నం (కాల్షియం కార్బనేటు) 6 శాతం వచ్చింది. బోరు నీళ్ళలో ఉప్పు మరీ ఎక్కువ లేదు గానీ బైకార్బనేట్లు, అంటే నీళ్ళు ఆరాక సున్నంగా మిగిలేవి, ఎక్కువ. సున్నంగా లెక్కగడితే లీటరుకు 400 మిల్లీగ్రాములు.

మాస్టారు సైన్సు చెప్పిన మనిషి, వెంటనే అడిగారు: "ఎర్రమట్టి ఎరుపే ఇనుము వల్ల కదయ్యా, మరి ఇనుము లోటేమిటి?" సరైన ప్రశ్న. నేలలో ఇనుముకు కొదవ లేదు. పీహెచ్ 8 దాటాక అది కరగని రూపంలో ఉండిపోతుంది, వేరు తీసుకోలేదు. భాస్వరం ఎక్కువైతే మొక్క లోపల కూడా ఇనుముకు అడ్డు పడుతుంది, అంటే డీఏపీ కీడే చేసింది. కోడిగుడ్డు పెంకంటే దాదాపు అంతా కాల్షియం కార్బనేటే, ఉన్న సున్నానికి మరికొంత. బూడిద క్షారం. ఆర్‌ఓ వదిలే నీటిలో ఉప్పులన్నీ చిక్కబడి ఉంటాయి. రెండు పూటలా తడపడంతో ఆ సున్నపు నేలలో గాలి ఆడక బైకార్బనేటు ఇంకా పెరిగింది. ప్రేమతో చేసిన ప్రతి పనీ ఒకే వైపుకు తోసింది. ఆ మాట వాళ్ళతో ఇలాగే అనలేదు. నోటుబుక్కులో ఆపవలసిన వాటి పక్కన టిక్కులు పెట్టి, ఎందుకో చెప్పాను.

ఇంకొక్క పరీక్ష మిగిలింది. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు, ఇనుము ఉప్పు) లేత ఆకుపచ్చ పలుకులుగా ఉన్నది చూసి తెమ్మన్నాను. తుప్పు రంగుకు తిరిగితే పనికిరాదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, సాయంత్రం పూట, ఒక్క మందారం కొమ్మ మీద మాత్రమే కొట్టాం. వారంలోపే ఆ కొమ్మ ఆకుల మీద చుక్కలు పడ్డచోటల్లా ఆకుపచ్చ మచ్చలు వచ్చాయి, పక్క కొమ్మ అలాగే ఉంది. అంతకంటే స్పష్టమైన రుజువు ఇంటి పెరట్లో దొరకదు. (గచ్చు మీద, గోడ మీద ఈ నీళ్ళు పడితే తుప్పు మరకలు వస్తాయి, పోవు. గోడకు పాత చీర అడ్డం పెట్టించాను.)

చేసి చూసినవి, పని చేయనివి

ఆ వేసవికి విత్తనాల సమయం దాటిపోయింది. ఆంధ్ర, తెలంగాణల్లో వేసవి తీగజాతులు జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు లోపు పడాలి. ఆలస్యమైతే ఎండకు మగపూలే ఎక్కువొస్తాయి. కాబట్టి మొదటి ఏడాది పని ఉన్న మొక్కలను బతికించడం, నేలను ఏం చేయాలో తేల్చుకోవడం, అంతే.

పిచికారీ పదిహేను రోజులకోసారి సాగింది. పాత ఆకులు కోలుకున్నాయి, ఆ మధ్యలో వచ్చిన చిగురు మళ్ళీ పసుపే. ఇనుము ఆకు నుంచి ఆకుకు కదలదు కాబట్టి ఇది ముందే ఊహించింది. కొట్టినంత కాలం సరే, మానేస్తే మొదటికే. బెండ, మిరప దీనితో కాసిని కాయలు ఇచ్చాయి. డెబ్బై దగ్గర పడుతున్న దంపతులకు జీవితాంతం పిచికారీ చేసుకోండని చెప్పడం పరిష్కారం కాదు.

అన్నభేది నేలలో వేస్తే పోదా అని అడిగారు. సున్నపు నేలలో అది కొద్ది రోజుల్లోనే కరగని తుప్పయిపోతుంది. అది వద్దన్నాను. పుల్లమజ్జిగ పోస్తే అని కూడా అడిగారు. పోయొద్దనలేదు గానీ, దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నాను.

గంధకం సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు మొత్తం దాని చుట్టూనే తిరిగింది. గంధకం నేలలో వేస్తే సూక్ష్మజీవులు దాన్ని నెమ్మదిగా ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది. మాట నిజమే. లెక్క చూడాలి. ఒక కిలో సున్నాన్ని విరగ్గొట్టడానికి సుమారు 320 గ్రాముల గంధకం కావాలి. ఒక చదరపు మీటరు నేల, అర అడుగు లోతు వరకు సుమారు 200 కిలోల మట్టి. అందులో 6 శాతం అంటే 12 కిలోల సున్నం. దానికి 3.8 కిలోల గంధకం. పెరడంతా అంటే బస్తాలు. అదీ పై పొరకే, కింద మాలు పెళ్ళలు ఉన్నన్నాళ్ళూ కొత్త సున్నం వస్తూనే ఉంటుంది. అంత గంధకం ఒకేసారి వేస్తే మొక్క వేళ్ళు దక్కవు.

ఈ లెక్క చెప్పి తవ్వకం ప్రతిపాదించాను. మాస్టారుకు తవ్వకం ఇష్టం లేదు. ఖర్చు, దుమ్ము, కూలీలు. "లెక్క సరే బాబూ, ఒక్క చదరపు మీటరులో వేసి చూద్దాం, నేలేమంటుందో," అన్నారు. కాదనడానికి నాకు కారణం కనపడలేదు. తమ కళ్ళతో చూసిన ఫలితం మీదే మనుషులు డబ్బు ఖర్చు పెడతారు. ఏప్రిల్లో ఒక చదరపు మీటరులో 200 గ్రాముల గంధకం కలిపి, తడి ఆరకుండా ఉంచి, వానలు పోయేదాకా ఆగాం. అక్టోబరులో పీహెచ్ 8.5. పక్కన గంధకం వేయని చోట 8.6. మాస్టారు ఆ రెండు అంకెలూ నోటుబుక్కులో రాసుకుని, "అయితే కూలీలను మాట్లాడు," అన్నారు.

నిర్ణయాలు

తవ్వకం అనగానే పెరడంతా రెండడుగులు తవ్వి మట్టి మార్చడమని వాళ్ళనుకున్నారు. అది అనవసరం. నేలనంతా బాగుచేయడం కంటే, మొక్క ఎక్కడ నిలబడాలో అక్కడ మాత్రమే మంచి మట్టి ఇవ్వడం మేలని నా ఉద్దేశం. అందుకని పెరడును మూడుగా చూశాం: బాగుచేయనవసరం లేనిది, మట్టి మార్చేది, మొక్కలకు పనికిరానిది.

మొదట పనికిరాని చోటు. నైరుతి మూల మాలు గడ్డను పగలగొట్టాలంటే బ్రేకరు తేవాలి, పగలగొట్టినా బాగుపడదు. దాన్ని అలాగే ఉంచి, పైన గచ్చు పోయించాం. పడమటెండ బాగా పడే చోటు. అమ్మకు వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి కావాల్సిందే అది. ఆ పెరట్లో అందరికంటే ముందు తృప్తిపడింది ఆవిడే.

మునగ, ఉసిరి ఉన్న ఉత్తరం మూలను ముట్టుకోలేదు. అక్కడ ఇంకో దానిమ్మ పెట్టించాను, అదీ సున్నాన్ని ఓర్చుకుంటుంది. ఖాళీలో గోరుచిక్కుడు.

మిగిలిన నడిమి భాగంలో బెండ, మిరప, టమాట కోసం రెండు ఎత్తు మడులు. ఒక్కోటి 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. వెడల్పు 3 అడుగులకే ఆపాం, రెండు వైపుల నుంచీ వంగకుండా చెయ్యి అందాలి. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులున్నాయి. మడి చుట్టూ ఏం కట్టాలన్న దగ్గర చిన్న చర్చ జరిగింది. మేస్త్రీ సిమెంటు ఇటుకతో కట్టి లోపల ప్లాస్టరు చేస్తానన్నాడు. మిగిలిపోయిన షాబాద్ బండలు ఉన్నాయి, నిలబెట్టేద్దామని మాస్టారు అన్నారు. సిమెంటు సున్నం వదులుతుంది. షాబాద్ బండ అసలే సున్నపురాయి. ఒక బండ వల్ల మడి మొత్తం పాడవుతుందని కాదు, కానీ సున్నం నుంచి పారిపోవడానికి కడుతున్న మడికి సున్నపు గోడలెందుకు? రాతి కడీలు (గ్రానైటు స్తంభాలు) అడ్డంగా పేర్చి, మాలు లేకుండా కట్టాం. గ్రానైటు ఏమీ వదలదు. హైదరాబాదు చుట్టుపక్కల అది దొరకని ఊరు లేదు. బండలు గచ్చు మీదికి వెళ్ళాయి.

మడి అడుగున ప్లాస్టిక్ పరచలేదు. నీళ్ళు కిందికి పోకపోతే ఉప్పులు పైన పేరుకుంటాయి, అది ఇంకో రోగం. కింది గట్టి పొరను గడ్డపారతో కుళ్ళగించి వదిలేశాం. కొన్ని వేళ్ళు సున్నంలోకి దిగుతాయి, దిగనీ. అడుగున్నర మంచి మట్టిలో ఎక్కువ వేళ్ళు ఉంటే మొక్కకు కావలసిన ఇనుము అక్కడే దొరుకుతుంది.

మట్టి ఎంపికకే అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాను. చెరువు మట్టి మంచిదని అందరూ అంటారు, పొలానికి మంచిదే. కానీ నల్లమట్టిలో తరచు సున్నపు గవ్వలుంటాయి. ఎర్రమట్టి అనుకున్నాం. ట్రాక్టరు డ్రైవరును ఎక్కడ తవ్విందని అడగాలి. మొదట వచ్చినతను అపార్ట్‌మెంటు సెల్లారు తవ్విన మట్టి తెస్తానన్నాడు. పది అడుగుల లోతు నుంచి వచ్చేది ఉత్త మొరం, అందులో ప్రాణం ఉండదు. రెండో అతని దగ్గర బీడు భూమి పై మట్టి దొరికింది. దింపకముందే ట్రాలీలో నాలుగు చోట్ల నుంచి పిడికిళ్ళు తీసి వెనిగర్ చుక్కలు వేశాను. నురగ లేదు. చేత్తో చిదిమి తుంగగడ్డలున్నాయేమో చూశాను. ఒక్క తుంగగడ్డ మడిలోకి వచ్చిందంటే ఏళ్ళ తరబడి పీకుతూనే ఉండాలి. పీహెచ్ 6.8. మూడు పాళ్ళు ఆ మట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కడిగిన కొబ్బరి పొట్టు. భాస్వరం వేయలేదు.

బీర, సొర, కాకరలకు పడమటి వైపు పందిరి. ఎనిమిది అడుగుల రాతి కడీలు, రెండడుగులు నేలలోకి, పైన జీఐ తీగ. పడమట ఎందుకంటే, ఏప్రిల్, మే నెలల్లో మూడు దాటాక వచ్చే ఎండను పందిరి ఆపుతుంది, మడులకు నీడ దానంతట అదే వస్తుంది. షేడ్‌నెట్ కొనాల్సిన పని తప్పింది. గుంతలు గోడ మొదట్లో కాకుండా మూడడుగులు ఇవతల తీయించాను. ప్రహరీ పునాది పక్కనే ప్లాస్టరు రాలి అన్నిటికంటే ఎక్కువ సున్నం ఉంటుంది. రెండడుగుల గుంతల్లోంచి వచ్చిన చెత్త బయటికి పోయింది, మడి మట్టే అందులోకి పోయింది.

ఇక నీళ్ళు. ఆర్‌ఓ పైపును అదే రోజు బాత్రూం కడిగే డ్రమ్ములోకి తిప్పించాను. బియ్యం, కూరగాయలు కడిగిన మంజీరా నీళ్ళు మడులకు. అవి చాలవు, మిగతాది బోరే. ఇక్కడ మాస్టారు మళ్ళీ పట్టుకున్నారు: "బోరు నీళ్ళలో సున్నం ఉందన్నావు. కొత్త మట్టి కూడా కొన్నాళ్ళకు అంతేగా?"

అంతే. కానీ ఎంతకాలానికి అన్నది లెక్క. చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల చొప్పున వేసవి 100 రోజులకు 500 లీటర్లు. లీటరుకు 400 మిల్లీగ్రాములంటే ఏడాదికి 200 గ్రాముల సున్నం చేరుతుంది. దాన్ని విరగ్గొట్టడానికి 64 గ్రాముల గంధకం చాలు, అంటే పిడికెడు. పాత నేలలో 3.8 కిలోలు అడిగిన గంధకం, మంచి మట్టి ఉన్న మడిలో పిడికెడుతో సరిపోతుంది. నేలలో ఓడిపోయిన మందే మడిలో మందయింది. మల్చింగు కూడా ఈ లెక్కలోదే. ఎండు గడ్డి, రాలిన ఆకులు మందంగా పరిస్తే నీళ్ళు తక్కువ పడతాయి, నీళ్ళతో వచ్చే సున్నమూ తగ్గుతుంది.

మల్లెను మాత్రం కదపనివ్వలేదు అమ్మ. పుట్టింటి అంటు, వేరు తెగితే పోతుందేమోనని భయం. ఆ భయాన్ని గౌరవించాలనిపించింది. దాని పాదులో ఈడీడీహెచ్‌ఏ రకం ఇనుము చీలేటు (ఇనుమును వేరు తీసుకోగలిగే రూపంలో పట్టి ఉంచే మందు) వేశాం. షాపుల్లో మామూలుగా ఇచ్చే ఈడీటీఏ రకం ఇంత పీహెచ్ దగ్గర నిలవదు, ఈడీడీహెచ్‌ఏ నిలుస్తుంది. కలిపితే ముదురు ఎరుపు నీళ్ళవుతుంది. ఎండ తగలకుండా మట్టిలోకి పోసి పైన కప్పాలి. ఖరీదెక్కువ, తోటంతా దీంతో నడపలేం. ఒక్క మొక్కకు ఏడాదికి రెండుసార్లు అంటే భరించవచ్చు.

ఫలితం

పందిరి గుంతల్లో గింజలు ఫిబ్రవరి రెండో వారంలో, మడుల్లో బెండ ఆ నెల మూడో వారంలో పడ్డాయి. బెండ నాలుగాకుల దశకు వచ్చినప్పుడు వెళ్ళి చూశాను. పై నుంచి కింద దాకా ఒకే రంగు. ఏప్రిల్ మొదటి వారంలో తొలి కోత. మిరప వానాకాలం దాకా కాసింది. మల్లె పాత కొమ్మలు డిసెంబరులోనే కత్తిరించి ఉన్నాయి, చీలేటు వేశాక వచ్చిన చిగుళ్ళు ఆకుపచ్చగా నిలిచి మార్చి చివర్లో మొగ్గ తొడిగాయి.

బీర మొదట నిరాశపెట్టింది. పిందెలు వేలెడు కాగానే పసుపు తిరిగి రాలిపోయాయి. పసుపు అనగానే అమ్మ అన్నభేది డబ్బా బయటికి తీసింది. అది ఇనుము కాదు. ఆకులు నిగనిగలాడుతున్నాయి, రాలుతున్నది పిందెలే. పరాగం అందడం లేదు. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, సొర పూలు చీకటి పడే వేళకు. చుట్టూ గచ్చుతో నిండిన ఆ కాలనీలో ఆ వేళకు వచ్చే పురుగులు తక్కువ. మగపువ్వు తెంపి ఆడపువ్వులో రాయడం నేర్పాను. కాకరకు ఆ అవసరం రాలేదు, అది పొద్దున్నే పూస్తుంది, తేనెటీగలు వస్తున్నాయి. అప్పటి నుంచి సాయంత్రం కాఫీ తాగి మాస్టారు పందిరి కిందికి వెళ్తున్నారు. కాయ నిలిచింది.

నిమ్మ చెట్టు దక్కలేదు. చీలేటు వేసినా కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. తవ్వి తీస్తే వేళ్ళు మాలు పెళ్ళ చుట్టూ మెలిదిరిగి ఉన్నాయి. మూడేళ్ళ చెట్టును అంత ఆలస్యంగా కాపాడటం కష్టమని మొదటే చెప్పాను కానీ, చెప్పడం వేరు, తీసేయడం వేరు.

ఇలాంటి పెరడు చూసేవాళ్ళకు

కొత్త ఇంటి పెరట్లో మొక్క కొనేముందు మూడు చోట్ల అడుగున్నర లోతు తవ్వి చూడండి, వెనిగర్ చుక్క వేయండి. పది రూపాయల పని. ఇల్లు ఇంకా కడుతూ ఉంటే మేస్త్రీకి మాలు కలిపే చోటు మీరే చూపించండి, రేపు గచ్చు రాబోయే చోటైతే మంచిది.

ఆకులు పసుపు తిరిగితే మొదట అన్నీ ఆపేయాలి. ఎరువు ఒక వారం ఆగితే మొక్క చావదు. తప్పు ఎరువు వేస్తే అసలు లోటు కనిపెట్టడం కూడా కష్టమవుతుంది. మాస్టారి నోటుబుక్కు లేకపోతే డీఏపీ, పెంకులు, బూడిద సంగతి నాకు తెలిసేది కాదు. నేనిప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా, ఇంతవరకు ఏమేం వేశారో రాసి పెట్టుకొమ్మని ఫోన్లోనే చెబుతున్నాను.

ఇంటర్నెట్టులో, పక్కింటివాళ్ళ నోట వినే చిట్కాల్లో చాలావరకు అబద్ధాలు కావు. గుడ్డు పెంకులు ఆమ్ల నేలలో మంచివే. బూడిదా అంతే. ఏ నేలకు అన్న మాట వదిలేసి చెప్పడం వల్లే చిక్కు. కోనసీమలో ఒకరికి పనికొచ్చింది హైదరాబాదు శివారు ఘట్‌కేసర్‌లో ఇంకొకరికి కీడు చేయొచ్చు.

గంధకం పరీక్షకు పోయిన ఆరు నెలలను నేను వృథా అనుకోను. లెక్క నాకు తెలిసినా, నేల చెప్పే దాకా ఇంటివాళ్ళు ఒప్పుకోరు. చిన్న చోట, పక్కన పోల్చుకునే చోటు వదిలి, అంకె రాసుకుని చేస్తే ఓడిన ప్రయోగం కూడా నిర్ణయానికి పనికొస్తుంది.

ప్రస్తుతం మడుల పీహెచ్ 7.2. ఏటా వానలు పోయాక కొలవడం, సంక్రాంతికి ముందు పిడికెడు గంధకం కలపడం మాస్టారు పెట్టుకున్న పని. 7.6 దాటితే మోతాదు పెంచాలా, నీళ్ళు మార్చాలా అన్నది అప్పుడు చూస్తాం. ఇంటి కప్పు మీద పడే వాన నీళ్ళను డ్రమ్ముల్లోకి పట్టే గొట్టం పని ఈ జూన్‌లోపు చేయించాలి. నిమ్మ ఉన్న గుంత ఇంకా ఖాళీగానే ఉంది. అమ్మ అక్కడ మళ్ళీ నిమ్మే కావాలంటోంది, నేను పెద్ద సిమెంటు కుండీ వద్దు, మట్టి కుండీలోనో డ్రమ్ములోనో అయితే సరే అన్నాను.